అత్త తలలోని మరువం

మా మేనత్త అనసూయమ్మ కన్నుమూసిన రోజు, స్నానం చేయించి పడుకోబెట్టిన ఆమె తలలోంచి ఒక మరువపు రెబ్బను నా చేత్తో తీసి పారేశాను. అత్త గురించి నాలుగు మంచి మాటలు రాయమని బంధువులు అడిగారు. రాస్తాను. కాని ఈ మాట ముందు చెప్పకుండా ఆమె పేరెత్తే అర్హత నాకు లేదు.

ఆమె మంచం పట్టి నెల దాటింది. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫోన్ వస్తుందని అందరికీ తెలుసు. అయినా వచ్చాక, తరగతి గదిలో పిల్లల ముందు నిలబడి ఏ పాఠం చెబుతున్నానో మరిచిపోయాను. కామారెడ్డి నుంచి బండి మీద బయలుదేరి తాడ్వాయి దాటి మా ఊరు చేరేసరికి వాకిట్లో ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించారు. ఎల్లారెడ్డి నుంచి నా చెల్లెలు పద్మ నాకంటే ముందే వచ్చింది. అత్త తడి జుట్టు తుడిచి, దువ్వి, చిన్న ముడి వేసి, పెరట్లోంచి తెచ్చిన మరువపు రెబ్బ అందులో పెట్టింది. అత్త ఒంటి మీద ప్రతి రోజూ ఉండే వస్తువు అదొక్కటే. అది లేకపోతే అత్తలా ఉండదు.

కుర్చీలో కూర్చున్న మా చిన్నబాపు అది చూశాడు. ఆయన అత్తకు స్వయానా తమ్ముడు.

"గదేంది తలల? తీసెయ్యుండ్రి."

"ఆకే గద చిన్నబాపూ," అన్నది పద్మ.

"ఆకైతేంది, అలమైతేంది. బొట్టు లేని మనిషికి తలల సింగారమేంది. ఊరోళ్లు సూస్తున్నరు."

వెనుక నుంచి ఎవరో ముక్కుతో నవ్వారు. "అన్సవ్వకు పొయ్యేటప్పుడు గూడ సోకులు పోలే."

పద్మ నా వైపు చూసింది. కొరివి పెట్టవలసిన వాడిని నేను. ఆ రోజు ఆ వాకిట్లో నా మాటకు విలువ ఉంది. "ఉండనియ్యుండ్రి" అని ఒక్క మాట అంటే ఉండేది. నేను "లొల్లెందుకు పద్మా" అని, వంగి, రెబ్బను లాగేశాను. తీసిన దాన్ని స్నానం చేయించిన బురదలోకి విసిరాను.

పద్మ తన జడలో ఉన్న రెబ్బ కూడా తీసి, అదే బురదలో వేసి, లోపలికి వెళ్లిపోయింది. పద్మ భర్త పోయి రెండేండ్లవుతున్నది.

ఆ తరువాత ఊరివాళ్లు ఒక్కొక్కరు వచ్చి అత్త గుండెల మీద బంతిపూల దండలు వేశారు. దోసిళ్లతో పువ్వులు చల్లారు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మెడ మీద మోయలేనన్ని పువ్వులు వేయవచ్చు, తలలో ఒక్క ఆకు ఉండకూడదు. ఇది మన పద్ధతి. దీన్ని తయారుచేసిన వాడెవడో నాకు తెలియదు గాని, కాపలా కాసేవాళ్లందరూ నాకు తెలుసు. ఆ రోజు నేనూ వాళ్లలో ఒకణ్ణి.

మరువం నలిపితే వాసన ఇంకా ఎక్కువవుతుంది. శ్మశానంలో కొరివి పట్టుకున్న నా చేయంతా మరువపు వాసన. ఇంటికి వచ్చి సబ్బుతో కడిగినా పోలేదు.

ఇది చదివి మా బంధువుల్లో కొందరికి కోపం వస్తుంది. రానీయండి. నాకున్నంత కోపం వాళ్లకు రాదు.

అత్తను ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊరికిచ్చారు. పెళ్లయిన కొన్నేండ్లకే భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మా తాత బండి కట్టుకుని వెళ్లి బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాడు. "తిండికి, బట్టకు లోటు రానియ్యలే" అని మా వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, లోటు రాలేదు. గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, పూలు తీసేసి, రెండు పూటలా కడుపు నిండా పెట్టారు. పశువులకు కూడా మా ఇంట్లో తిండికి లోటు రాలేదు.

ఆమె వచ్చిన కొన్నాళ్లకు ఊళ్లో ఏదో పెళ్లయింది. మరునాడు పెంటకుప్ప మీద వాడిన పెళ్లిదండ పడి ఉంది. అందులో ఒక్క మరువపు పుల్ల ఇంకా పచ్చిగా ఉండటం అత్త చూసింది. తెచ్చి, ఇంటి వెనుక స్నానాల బండ దగ్గర తడి మట్టిలో గుచ్చింది. స్నానపు నీళ్లు పారే చోటు. పుల్ల నాటుకుంది. ఆ ఒక్క పుల్లే తరువాత పెరడంతా అయింది. మా ఇంటి మరువమంతా ఒకరి పెళ్లిదండలోంచి పారేసిందేనని అత్త నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో ఎంత చేదు ఉందో నాకు ఇప్పుడు వినిపిస్తున్నది.

మొదటిసారి ఆమె రెబ్బ తుంచి తలలో పెట్టుకున్న రోజు సంగతి మా ఇంట్లో కథలాగా చెప్పుకునేవారు. తాత చూసి నిలబడిపోయాడట.

"అన్సూయా, తలల ఏంది గది?"

"ఆకు, బాపు."

"ఆకేంది?"

"పువ్వులు వెట్టుకోవద్దన్నరు, వెట్టుకుంటలేను. ఆకు సంగతి ఎవ్వలు చెప్పలే. వేపాకు వెడితె తప్పా? తులసాకు వెడితె తప్పా?"

తాత గడ్డం గోక్కుంటూ పొలానికి వెళ్లిపోయాడట. అప్పటి నుంచి మరువం మా ఇంట్లో చెల్లుబాటయింది. మేమందరం అత్త తెలివికి నవ్వుకునేవాళ్లం, వచ్చిన చుట్టాలకు చెప్పి నవ్వించేవాళ్లం. ఎదిగిన ఒక మనిషి తన తలలో తాను ఒక ఆకు పెట్టుకోవడానికి వకీలు లాగా వాదించవలసి రావడం నవ్వే సంగతేనా అని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ ఆకుతో ఆమె ఎంత సుఖపడిందో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆమెను మళ్లీ ఒట్టి విధవరాలిని చేసినవాడినవుతాను.

పొద్దెక్కి మంచు ఆరాలి, ఎండ ముదరకూడదు. ఆ మధ్య వేళలో అత్త పెరట్లోకి వెళ్లేది. కత్తి, కత్తెర దగ్గరికి రానిచ్చేది కాదు. "గోరుతోటి గిల్లాలె. ఇనుము జూపెడితె అలుగుతది" అనేది. బొటనవేలి గోరుతో కొస గిల్లి కొంగులో వేసుకునేది. గిల్లిన చోటల్లా రెండు కొమ్మలు పుట్టి చెట్టు గుబురయ్యేది. పని అయ్యేసరికి ఆమె వేళ్లు పచ్చగా మారేవి. అప్పుడు రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఊపిరి పీల్చేది. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ తరువాత గోలెంలోని నీళ్ల మీదికి వంగి, అందులో మొహం చూసుకుంటూ రెబ్బ పెట్టుకునేది. ఇంట్లో అద్దం ఉంది. కాని అద్దం ముందు నిలబడితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని ఆమెకు తెలుసు.

మంచం కింద పాత ధోవతి పరిచి మరువం ఆరబెట్టేది. "ఎండల ఎండితె గడ్డి, నీడల ఎండితె మరువం" అన్నది ఆమె మాటే. ఎండిన ఆకు చిన్న గుడ్డ మూటలు కట్టి సందుగలో చీరల మధ్య పెట్టేది. వానాకాలంలో అందరి ఇండ్లలో బొంతలు ముక్కిపోయిన వాసన కొడితే, మా ఇంట్లో బొంత కప్పుకుంటే పెరట్లో పడుకున్నట్టుండేది. కొబ్బరినూనె వెచ్చచేసి అందులో ఆకు వేసి, చల్లారాక వడగట్టి సీసాల్లో పోసేది. చలికాలం కాగులోని నీళ్లలో గుప్పెడు వేసేది. తలనొప్పి అన్నవాడి నుదుటికి నలిపి రాసేది. పసిపిల్లలు గుక్కపట్టి ఏడిస్తే అరచేతిలో ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టి, "సూడు, ఇంగ ఏడుపు బంద్" అనేది. చిత్రంగా బంద్ అయ్యేది కూడా. నేను హాస్టల్లో చదువుకున్న రోజుల్లో పెట్టె తెరిస్తే గది మొత్తం ఆ వాసనే. సోపతిగాళ్లు నన్ను మరువం పోరడని పిలిచేవారు.

మరువానికి పూత రానిచ్చేది కాదు. తెల్లటి మొగ్గలు గింజల్లా కనపడగానే గిల్లేసేది. "పూస్తె వాసన తగ్గుతది" అనేది. వెంటనే గొంతు తగ్గించి, "పూసిందనుకో, మీ చిన్నబాపు దీన్ని గూడ బంద్ వెట్టిస్తడు" అని కన్ను గీటేది.

చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయితే దండలోకి మరువం మా పెరట్లోంచే వెళ్లాలి. గంపలకొద్దీ ఇచ్చేది. తానే కూర్చుని దండలు కట్టేది, వేళ్లు కనపడనంత వేగంగా. ఆకు పందిట్లోకి పోయేది, పెంచిన మనిషి వంటింటి తలుపు వెనుక నిలబడేది. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. మన మర్యాద అంత శుభ్రంగా ఉంటుంది.

చిన్నబాపు బిడ్డ పెండ్లప్పుడు ఆయన పెరట్లోకి వచ్చి, "అక్కా, మరువం జర ఎక్కువ గావాలె. మొగపిల్లోని దిక్కు పెద్దపెద్దోళ్లు వస్తున్నరు" అన్నాడు.

అత్త తల ఎత్తకుండా అడిగింది. "మరువమొక్కటే గావాల్నా తమ్మీ, నేను గూడ రావాల్నా?"

"నీ పరాచికాలు నువ్వు," అని ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. చిన్నప్పుడు ఆయనను చంక దించకుండా మోసింది ఈమే. అత్త ఎప్పటిలాగే గిల్లి, ఎప్పటికంటే ఒక గంప ఎక్కువే పంపింది. ఇవ్వకుండా ఉండవలసింది అత్తా. ఒక్క పెండ్లికైనా నీ మరువం ఇవ్వకుండా ఉంటే, వాళ్ల దండల్లో ఏం తక్కువైందో వాళ్లకు తెలిసేది.

పద్మ పెండ్లికి కూడా అత్త పందిట్లోకి రాలేదు. తలంబ్రాలు అయిన వెంటనే, తల నిండా బియ్యపు గింజలతో, ఆ దండతోనే పద్మ పెరట్లోకి పరుగెత్తింది. "సూడత్తా, మంచిగున్ననా" అని చుట్టూ తిరిగి చూపించింది. మా ఇంట్లో అత్తను పెండ్లికి పిలిచింది పద్మ ఒక్కతే. పిలిచినా రాదని తెలిసి, పెండ్లినే ఆమె దగ్గరికి తీసుకుపోయింది.

ఆ పద్మకు భర్త పోయినప్పుడు అత్త తడిగుడ్డలో మరువపు పుల్లలు చుట్టుకుని బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పద్మ తలలో రెబ్బ ఉంది. పద్మ ఎల్లారెడ్డిలో ఒక బడిలో గుమాస్తా. ఆ రెబ్బతోనే పనికి వెళ్లేది. నేను అది చూసి, అత్తకు తగ్గ కోడలని మురిసిపోయాను. ఏటా మహిళా దినోత్సవం నాడు మైకు పట్టుకుని మాట్లాడే సాంఘికశాస్త్రం మాస్టారిని గదా. నా చెల్లెలు ఆకు పెట్టుకుంటున్నదంటే మా ఇంట్లో సంస్కరణ పూర్తయినట్టేనని అనుకున్నాను.

బూడిద ఎత్తిన రోజున, అంటే మూడో నాడు, పద్మ పెరట్లో ఒంటరిగా కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక, "ఆ రోజు అందరి ముందు లొల్లయితదని..." అన్నాను.

"నువ్వు తీసింది అత్త తలలది గాదన్నా," అన్నది పద్మ. "అత్తకు ఇంగ వాసనేంది, పాసనేంది. నువ్వు తీసింది నా తలలది."

నేను ఆమె పక్కన బండ మీద కూర్చున్నాను.

"ఒక మాట జెప్పనా? ఎల్లారెడ్డికి వచ్చిననాడు అత్త నా తల దువ్వి, ఇది ఆకు బిడ్డా, ఎవ్వలేమనరు అన్నది. నేనన్న, నాకు ఆకు వద్దత్తా, ఇస్తె పువ్వే ఇయ్యి అని. కోపంల అన్న. అత్త దువ్వెన పక్కకు వెట్టి అన్నది: నాకు గూడ మల్లెలంటెనే పాణం బిడ్డా. అన్సవ్వకు మరువం పిచ్చి అని అందరంటరు. ఒక్కలన్న పువ్విచ్చి సూసిండ్రా? అన్నది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసమే ఆకు వెట్టుకున్న."

ఈ మాట రాశాక ఇంతసేపు నేను రాసిన సుఖాలన్నీ మళ్లీ చూసుకున్నాను. అవి అబద్ధం కావు. అరచేతుల్లో మొహం దాచుకుని ఊపిరి పీల్చిన ఆ మనిషి ఆనందం నా కళ్లతో చూశాను. కాని అది మనం ఇచ్చినది కాదు. అన్నీ లాక్కోగా మిగిలిన సందులోంచి ఆమె వెతికి తెచ్చుకున్నది. దాన్ని చూపించి, అత్త ఎంత సంతోషంగా బతికిందో అని మనం చెప్పుకోవడం దొంగతనం మీద దొంగతనం. ఇంత ప్రేమ, ఇంత వేళాకోళం, వాసన మీద ఇంత మోజు ఉన్న మనిషి మా వంశంలో మళ్లీ పుట్టదు. పుట్టిన ఒక్కతెను స్నానాల బండ దగ్గర నిలబెట్టాం.

దినాల రోజు పొద్దున్నే కామారెడ్డి బస్టాండు దగ్గర మల్లెలు, కనకాంబరాలు కొన్నాను. పూలమ్మే ఆమె, "మేడం గారికా సార్?" అని అడిగింది. "మా చెల్లెకు" అన్నాను. ఊరికి వచ్చి పెరట్లోకి వెళ్లాను. అత్త మంచాన పడ్డప్పటి నుంచి గిల్లే చేయి లేక మరువం విచ్చలవిడిగా పెరిగింది. చిటారు కొసలన్నీ పూశాయి. నూకల్లాంటి తెల్లటి పువ్వులు. ఇన్నేండ్లలో మా మరువం పూయగా నేను చూడటం అదే మొదటిసారి. పూసిన కొసలే గోరుతో తుంచి, మల్లెలతో, కనకాంబరాలతో కలిపి దండ కట్టాను. నాకు చేతకాని పని. ముడులు ఒకటి వదులు, ఒకటి బిగుతు.

భోజనాలకు ముందు షామియానా కింద అందరూ కూర్చున్నారు. ముందుగా అనుకున్న మాటలన్నీ మరిచిపోయాను. మిగిలింది చెప్పాను.

"ఆ రోజు అత్త తలలకెళ్లి మరువం తీసింది నేను. తప్పు జేసిన. ఇప్పుడేం జేసినా అత్తకు అందది. పద్మా, ఇవి నీకు తెచ్చిన. పెట్టుకుంటవో, పారేస్తవో నీ ఇష్టం."

చిన్నబాపు లేచి నిలబడ్డాడు. "ఏందిరా గిది. ఆకు ఆకు అంటిరి. ఇప్పుడు పువ్వులా?"

"పువ్వులే చిన్నబాపూ. మరువం గూడ పూసింది, సూడు."

"మీ బాపుంటే గిట్ల జేద్దువా?"

"బాపున్నప్పుడు గూడ అత్త తలుపెనకనే ఉన్నది. అందుకే చేస్తున్న."

ఆయన తువ్వాల భుజాన వేసుకుని, తినకుండానే వెళ్లిపోయాడు. ఆయన వెంట కొందరు లేచారు. నేను ఎవరినీ ఆపలేదు. మిగిలినవాళ్లు తలలు దించుకుని ఎదురుగా ఉన్న ఖాళీ విస్తళ్లను చూస్తున్నారు.

పద్మ దండను అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. "గిట్లనా ముడులు వేసేది. అత్త సూస్తె తిడుతుండె," అన్నది. జడలో పెట్టుకుంది. చేత్తో తడిమి సర్దుకుంది. తృప్తి కలగలేదేమో, పెరటి వైపు, గోలెం ఉన్న దిక్కు ఒకసారి చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

"అన్నా, అద్దం తే."

లోపలికి వెళ్లి గోడకున్న అద్దం దించి తెచ్చాను. అందరి ముందు, ఆమె చూసుకున్నంతసేపు, పట్టుకుని నిలబడ్డాను.